పక్కింటివారికి పడింది, మీకు పడలేదా?



అన్నదాత సుఖీభవ - పీఎం కిసాన్ కింద భూమి ఉన్న అర్హులైన రైతు కుటుంబానికి ఏడాదికి రూ.20,000 అందుతుంది. కేంద్రం వాటా రూ.6,000, రాష్ట్రం వాటా రూ.14,000. మూడు విడతల్లో బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది.

డబ్బు పడలేదంటే పేరు తీసేశారని కంగారు పడకండి. ముందు ఇవి చూసుకోండి.

1. వేరే ఖాతాలో పడిందా? డబ్బు వెళ్లేది మీ ఆధార్‌తో చివరగా లింకైన ఖాతాకే. ఉపాధి హామీ కూలికో, గ్యాస్ సబ్సిడీకో ఎప్పుడో తెరిచిన ఖాతా ఉంటే ఆ పాస్‌బుక్ కూడా ఎంట్రీ వేయించి చూడండి. ఏ ఖాతాకూ లింక్ లేకపోతే, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చేయమని బ్యాంకులో అడగండి.

2. ఈ-కేవైసీ పూర్తయిందా? కాకపోతే రైతు సేవా కేంద్రంలో వేలిముద్ర వేసి రండి.

3. పొలం ఇంకా చనిపోయిన నాన్నగారి పేరునే ఉందా? వారసుల పేరుకు మ్యుటేషన్ చేయించుకోండి. అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది ఇదే, కాబట్టి వచ్చే విడత దాకా ఆగొద్దు.

ఏ కారణంతో ఆగిందో తెలియకపోతే ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. అక్కడి సిబ్బంది ఆన్‌లైన్‌లో చూసి చెబుతారు.

"డబ్బు వేయిస్తాం" అంటూ ఫోన్ చేసేవాళ్లకు ఓటీపీ చెప్పొద్దు.