గదికి తగిన కూలరు

వేసవి వచ్చినదంటే మన సైదాబాదులో ఇంటింటా ఒకే ప్రశ్న తలెత్తుతుంది: ఈ ఏడు ఎంత పెద్ద కూలరు కొనాలి? ఈ ప్రశ్నకు సాధారణంగా దుకాణదారు సమాధానం చెబుతాడు. లేదా మన జేబు చెబుతుంది. నిజానికి చెప్పవలసినది గది. గది పొడవు, వెడల్పు, ఎత్తు ఎంత? దాని కప్పుపై ఎండ ఎంతసేపు నిలుస్తుంది? లోపలి గాలి వెలుపలికి పోవుటకు దారి ఉన్నదా? ఇవి తెలిసికొనకుండా కూలరు కొనుట వలన ధనం వృథా కావడమే గాక, ఇంటిలోని వృద్ధుల ఆరోగ్యానికే ముప్పు కలుగవచ్చును. ఈ మాట స్వానుభవంతో వ్రాస్తున్నాను.

కొన్ని ఏండ్ల క్రితం మేము సైదాబాదులో ఒక మేడపై భాగంలో అద్దెకుండేవాళ్ళం. మా నాయనమ్మ పడుకొనే గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గలది. మే నెల ఎండకు ఆమె తల్లడిల్లుతుంటే చూడలేక, కూడబెట్టిన సొమ్ముతో గంటకు 4,000 ఘనమీటర్ల గాలి విసరే కూలరు తెచ్చాను. “పెద్దది తీసుకుంటే చింత ఉండదు” అని అమ్మినవారు చెప్పారు. చల్లదనం బయటికి పోకూడదని కూలరును గదిలోపలనే నిలిపి, తలుపులు, కిటికీలు బిగించాము. మొదటి అరగంట హాయిగానే గడిచినది. అర్ధరాత్రికి గోడలు చెమర్చినట్లయినాయి. పక్కబట్టలు తడితడిగా అంటుకొన్నాయి. నాయనమ్మకు ఊపిరాడక లేచి కూర్చున్నది.

మా అలజడి విని కింది వాటాలోని చాచా పైకి వచ్చారు. ఆయన ఏండ్ల తరబడి మోటర్లు బాగుచేసిన మనిషి. గదిలో అడుగు పెట్టగానే, “బేటా, ముందు కిటికీ తెరువు. లోపలి గాలి పోవడానికి తొవ్వ లేకుంటే కొత్త గాలి ఎట్ల వస్తది?” అన్నారు. కిటికీలు తెరిచి, కూలరును గుమ్మం దగ్గరకు జరిపి, దాని వీపు వెలుపలికి ఉండేటట్లు పెట్టారు. పావుగంటలో నాయనమ్మ ఊపిరి కుదుటపడినది. ఆ రాత్రి చాచా చెప్పిన మాటలో ఎంత శాస్త్రం ఉన్నదో నాకు తరువాత తెలిసినది.

మన ఇళ్ళలోని రంజనులో నీరు ఎందుకు చల్లబడుతుంది? మట్టిగోడ గుండా ఊరిన నీరు ఆవిరి అగునప్పుడు, అందుకు కావలసిన వేడిని లోపలి నీటినుండి లాగుకొంటుంది. ఒక కిలో నీరు ఆవిరి కావలెనంటే సుమారు 580 కిలోకేలరీల వేడి కావలెను. కూలరు పని కూడా ఇదే. పూర్వం మన నగరపు దేవిడీలలో వేసవికాలం గుమ్మాలకు వ్రేలాడదీసి నీళ్ళు చల్లిన ఖస్ టట్టీలు, అనగా వట్టివేళ్ళ తడికలు, ఈ సూత్రంపైననే పనిచేసినవి. నేటి కూలరులో తడికకు బదులు గడ్డి గాని, తేనెపట్టు వంటి అట్ట గాని ఉన్నది. చేతితో నీళ్ళు చల్లుటకు బదులు పంపు ఉన్నది.

ఐతే గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత త్వరగా ఆవిరి అవుతుంది. మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం ఉన్నదనుకొందాము. అప్పుడు మంచి కూలరు గాలిని దాదాపు 28 డిగ్రీలకు దించగలదు. జూలైలో 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న నాడు అదే కూలరు మూడు, నాలుగు డిగ్రీలకు మించి దించలేదు. మూసిన గదిలో మేము చేసిన పొరపాటు ఇదే. ఒకే గాలిని మరల మరల తడిపి, మే నెలలోనే ఆ గదిలోకి జూలైని తెచ్చినాము. యంత్రం ఎంత పెద్దదైతే ఈ కీడు అంత త్వరగా జరుగుతుంది. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు. చెమట ఆరనిదే శరీరం తన వేడిని సులభంగా వదలలేదు. వృద్ధులకు ఇది ప్రమాదకరం. 2015 మే నెలలో తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైన సంగతి మరువరానిది.

శీతల దేశాలలో గదిని వెచ్చజేయుటకు గోడవారన వేడినీటి రేడియేటర్లు అమర్చుతారు. అక్కడ కూడా గదిని కొలిచిన తరువాతనే పరికరం ఎన్నుకొంటారు. గోడల నుండి, కిటికీల నుండి, కప్పు నుండి ఎంత వేడి వెలుపలికి పోతున్నదో లెక్కించి, అంత వేడి ఇవ్వగల రేడియేటరును ఎంచుతారు. చిన్నదైతే గది వెచ్చబడదు. మరీ పెద్దదైతే సొమ్ము దండుగ. వారికి గది మూసి ఉండుట మేలు. ఏ.సి. కూడా మూసిన గదికే తగినది. కూలరుకు మాత్రం తెరచిన కిటికీయే ప్రాణం. కావున కూలరును గది వేడితో గాక, గదిలోని గాలితో కొలవవలెను.

లెక్క కష్టమైనది కాదు. గది పొడవును వెడల్పుతోను, వచ్చినదానిని ఎత్తుతోను హెచ్చించండి. మా గదికి 12 × 10 × 10 = 1,200 ఘనపుటడుగులు. రెండు నిమిషాలకొకసారి ఈ గాలి అంతా మారవలెను. అనగా నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలి కావలెను. కూలరు పెట్టెపై సాధారణంగా గంటకు ఇన్ని ఘనమీటర్లని ముద్రిస్తారు. మా గది 34 ఘనమీటర్లు. గంటకు 30 మార్లు గాలి మారుటకు 34 × 30 = 1,020 ఘనమీటర్లు చాలును. కాని మాది మేడపై గది. పగలంతా కాగిన స్లాబు రాత్రి వేడిని కిందికి వదులుతుంది. అటువంటి గదికి, రేకుల గదికి 30కి బదులు 40తో హెచ్చించుట మంచిది. అప్పుడు 1,360 వస్తుంది. పెట్టెపై అంకె పూర్తి వేగానికి సంబంధించినది గనుక, గంటకు 1,500 ఘనమీటర్ల కూలరు మాకు సరిపోయేది. మేము కొన్నది దానికి రెండున్నర రెట్లకు మించినది!

ఇక గాలి పోవు దారి. నిమిషానికి ప్రతి 1,000 ఘనపుటడుగుల గాలికి సుమారు రెండు చదరపుటడుగుల ఖాళీ వదలవలెను. మా వంటి గదికి ఒకటిన్నర చదరపుటడుగు చాలును. నాలుగడుగుల ఎత్తుగల కిటికీ రెక్కను నాలుగైదు అంగుళాలు తెరిచినచో అంత ఖాళీ ఏర్పడుతుంది. కూలరు ఒక వైపు ఉంటే, తెరిచిన కిటికీ ఎదుటి వైపున ఉండవలెను. కూలరు వీపు వెలుపలి గాలిని పీల్చవలెను.

నీటి సంగతి కూడా ఆలోచించవలసినదే. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గంటకు 1,000 ఘనమీటర్ల గాలిని చల్లబరచుటకు ఐదు లీటర్లకు పైగా నీరు ఆవిరి కావలెను. 4,000 ఘనమీటర్లకు ఇరవై లీటర్లు దాటుతుంది. అదే ఎండలో ఎనిమిది గంటలు నడిపినచో 160 లీటర్లు! నల్లా నీటికి ఎదురుచూచి బిందెలు నింపుకొనే ఇంట ఇది చిన్న మాట కాదు. అవసరానికి మించిన కూలరు తల్లి మోసిన బిందెలను కూడా తాగుతుంది.

మరి రెండు జాగ్రత్తలు. ఇనుప డబ్బా కూలరుకు మూడు పిన్నుల ప్లగ్గు, సరియైన ఎర్తింగు తప్పనిసరి. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయనిదే తొట్టిలో నీరు పోయరాదు. తొట్టిని వారానికొకసారి పూర్తిగా ఖాళీచేసి, రుద్ది ఆరబెట్టవలెను. నిలిచిన నీటిలో డెంగ్యూ దోమ గుడ్డు నుండి రెక్కల దోమగా మారుటకు వారం, పది దినాలు చాలును.

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ పెద్ద కూలరును మరుసటి వేసవిలో ఒక పెద్ద హాలు గల బంధువులకిచ్చి, చిన్నది తెచ్చుకొన్నాము. ఆమె చివరి రెండు వేసవులు దాని ముందు, ఓరగా తెరిచిన కిటికీ పక్కన, నిశ్చింతగా నిద్రించినది. ఈ వేసవిలో కూలరు కొనబోవు విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే: దుకాణానికి పోకముందు ఒక టేపు తీసుకొని ఇంటిలో పెద్దవారు పడుకొనే గదిని కొలవండి. మూడు అంకెలు కాగితంపై వ్రాసికొని, ఆ కాగితంతో బజారుకు వెళ్ళండి.