పెట్రోలు ధరలో ఏముంది?

కొత్తగూడకు కూరగాయలు బండ్లలో వస్తాయి. పెట్రోలు, డీజిలు ధర పెరిగితే టమాట ధరా పెరుగుతుంది.

2024 ఏప్రిల్‌లో హైదరాబాదులో లీటరు పెట్రోలు 107 రూపాయలు. మనవాళ్లు పనికి వెళ్లే కువైటులో సుమారు 23 రూపాయలే! ఎందుకింత తేడా?

పెట్రోలు ముడి చమురు నుంచి వస్తుంది. కువైటులో అది బాగా దొరుకుతుంది. అక్కడి సర్కారు పెట్రోలును చవకగా ఇస్తుంది. మన దేశం నూటికి 85 పాళ్లకు పైగా ముడి చమురు బయట కొంటుంది. ఆపైన కేంద్రం, రాష్ట్రం పన్నులు వేస్తాయి.

మన గోదావరి సీమలో చమురు లేదా? ఉంది. 2024 జనవరిలో కాకినాడ దగ్గర సముద్రంలోనూ ఓఎన్‌జీసీ తీయడం మొదలుపెట్టింది. కాని అది దేశానికి చాలదు. దాన్నీ ప్రపంచ ధరను బట్టే అమ్ముతారు.

ధర పెరిగితే అడుగుదాం: పెరిగింది చమురా, పన్నా?