పిల్లలపై పీహెచ్.డి. – ముందుగా వేసుకోవలసిన లెక్కలు

పిల్లలు, యువత గురించి పరిశోధన చేయాలంటే అందుకు ప్రత్యేక శాఖ ఎక్కడుందా అని వెతకనక్కరలేదు. సైకాలజీ, సోషల్ వర్క్, హోంసైన్స్, సోషియాలజీ, ఎడ్యుకేషన్ – వీటిలో దేనిలో పి.జి. చేసినా దారి ఉంది. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, బెంగళూరులోని నిమ్హాన్స్, శ్రీపెరుంబుదూరులోని రాజీవ్ గాంధీ జాతీయ యువజన సంస్థ మనవారికి అందుబాటులో ఉన్నవే.

ఇక డబ్బు సంగతి. యు.జి.సి. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. సాధిస్తే, 2023 జనవరి నుంచి అమలైన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు రూ. 37,000, తర్వాత మూడేళ్ళు రూ. 42,000. ఐదేళ్ళకు సరిగ్గా రూ. 24 లక్షలు, ఇంటి అద్దె భత్యం కాక! "ఇంకా ఎన్నాళ్ళు చదువు?" అనే తల్లిదండ్రులకు ఈ అంకె చూపించండి. జె.ఆర్.ఎఫ్.కు వయసు 30 దాటరాదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఐదేళ్ళ సడలింపు ఉంది. ఓబీసీ కేంద్ర జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్రలోని బంధువులకు పత్రం వచ్చింది కదా అని ధీమాగా ఉండవద్దు, మీరున్న రాష్ట్రం జాబితాలో మీ కులం పేరు చూసుకోండి.

అసలు చిక్కు గడువుతో. ఫెలోషిప్ ఐదేళ్ళే. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్.డి.కి సాధారణ గడువు ఆరేళ్ళు. అంటే ఆరో ఏడు చేతి ఖర్చే. పిల్లలతో పనిలో ఆలస్యం ఎక్కువ. ఆరోగ్య పరిశోధనకు ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాలు తల్లిదండ్రుల సమ్మతితో పాటు, ఏడేళ్ళు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా అడుగుతాయి. పన్నెండు దాటితే అది రాతపూర్వకంగా ఉండాలి. పిల్లవాడు వద్దంటే వద్దే. ఎథిక్స్ కమిటీ, విద్యాశాఖ, హెడ్మాస్టరు అందరూ సరేనన్నాక పరీక్షలు, వేసవి సెలవులు వచ్చిపడతాయి. అందుకే కోర్సు వర్కు జరుగుతుండగానే అనుమతులకు అర్జీలు పెట్టుకోవాలి.

సొంతంగా సర్వే చేయలేనివారికి మరో మార్గం 'యంగ్ లైవ్స్'. ఆక్స్‌ఫర్డ్ వారి ఆధ్వర్యంలో 2002 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించారు. ఆ సమాచారం పరిశోధకులకు ఉచితంగా దొరుకుతుంది.

సొంత ఊళ్ళోనే విషయం కావాలంటే హోసూరు వైపు చూడండి. తమిళనాడులో 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఎక్కాలు ఏ భాషలో గుర్తుపెట్టుకుంటున్నారు, ఏ తరగతిలో వెనకబడుతున్నారు? రెండు భాషలూ వచ్చినవారే వారిని అడగగలరు. మన పిల్లలకు ఆ రెండూ వచ్చు.