తుపాను గాలి కన్నా వాగు నీరే ముప్పు
సీలేరు లోయ గ్రామాలు వానకు ముందే సిద్ధం కావాలి

డొంకరాయి: బంగాళాఖాతంలో తుపాను పుట్టిందనే వార్త వచ్చినపుడు మన్యం పల్లెల్లో దానిని పట్టించుకునేవారు తక్కువ. సముద్రం ఇక్కడికి నూరు కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. మధ్యలో కొండలు అడ్డంగా ఉన్నాయి. ఎంతటి ఉప్పెన వచ్చినా ఇంత ఎత్తుకు ఎక్కదు. తుపాను అంటే కాకినాడ, కోనసీమ, విశాఖ వాసుల బాధ అన్న భావన అందువల్లే నాటుకుపోయింది. ఇందులో నిజం సగమే. ఉప్పెన రాదు, గాలి జోరు కూడా లోపలికి వచ్చే కొద్దీ తగ్గుతుంది. తగ్గనిది వాన.

తుపానుకు బలం వెచ్చని సముద్రపు నీటి నుంచి వస్తుంది. తీరం దాటాక ఆ బలం అందక గాలి నెమ్మదిస్తుంది. మేఘాలు మోసుకువచ్చిన తేమ మాత్రం అలాగే ఉంటుంది. ఆ మేఘాలు తూర్పు కనుమలకు తగిలి పైకి లేచి, చల్లబడి కుంభవృష్టి కురిపిస్తాయి. అందుచేత తుపాను బలహీనపడి వాయుగుండంగా మారిందని ప్రకటించగానే గండం గడిచిందనుకోరాదు. కొండవాసులకు అసలు గండం అప్పుడే మొదలు కావచ్చు.

దూరాన ఉన్నా తప్పలేదు

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. మరునాడు సముద్రానికి ఎంతో దూరాన ఉన్న వరంగల్, హన్మకొండల్లో కాలనీలు నీట మునిగాయి. అంతకు ముందు ఏడాది, 2024 సెప్టెంబరులో కురిసిన వానలకు సీలేరు ఎగువన గూడెం కొత్తవీధి మండలంలో కొండచరియలు విరిగిపడ్డాయి. ఇళ్లు దెబ్బతిన్నాయి, ప్రాణనష్టం జరిగింది. అదే నెలలో అమెరికాలో హెలీన్ అనే తుపాను ఫ్లోరిడా తీరం దాటి, వందల కిలోమీటర్ల లోపలున్న నార్త్ కరోలినా కొండలపై విరుచుకుపడింది. ఆషెవిల్ పట్టణం, చుట్టుపక్కల కొండ ఊళ్లు వరదలో చిక్కుకున్నాయి. రోడ్లు కొట్టుకుపోయి ఊళ్లకు ఊళ్లే తెగిపోయాయి. ఆ ఒక్క రాష్ట్రంలోనే నూరుమందికి పైగా చనిపోయారు. అక్కడివారు కూడా సముద్రం తమకు దూరమనే అనుకున్నారు.

ఇరవై సెంటీమీటర్ల వాన పడిందంటే ఒక్క ఎకరంపై సుమారు ఎనిమిది లక్షల లీటర్ల నీరు పడినట్టు లెక్క. మైదానంలో ఆ నీరు నిలిచి మెల్లగా పెరుగుతుంది. కొండవాలులో నిలవదు. ఉదయం చీలమండ లోతున్న వాగు మధ్యాహ్నానికి మనిషిని ఈడ్చుకుపోయేంత ఉధృతంగా మారవచ్చు. పైగా తుపానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లో. అప్పటికే నాలుగు నెలల వానలకు నేల నాని ఉంటుంది. జలాశయాలు కూడా నిండుగా ఉంటాయి.

ఎండ కాస్తున్నా వరద

డొంకరాయి జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 1,037 అడుగులు. ఎగువ సీలేరు విద్యుత్కేంద్రం నుంచి వచ్చే నీరు, చుట్టుపక్కల కొండవాగుల నీరు ఇందులో చేరతాయి. అంతకంటే పైన ఇదే నదిపై జోలాపుట్, బలిమెల వంటి జలాశయాలున్నాయి. ఎగువన భారీ వాన కురిసి నీరు ఎక్కువైతే డొంకరాయి గేట్లు ఎత్తి సీలేరు నదిలోకి వదలక తప్పదు. ఆ సమయంలో డొంకరాయిలో ఎండ కాస్తూ ఉండవచ్చు. ఎండ చూసి చేపలకు, స్నానాలకు నదిలోకి దిగినవారికి, ఇసుక తిన్నెలపై పశువులు తోలినవారికి అదే ప్రమాదం. తుపాను రోజుల్లో ఆకాశం చూసి కాక, జలాశయం కబురు విని నదిలోకి దిగాలా వద్దా అన్నది తేల్చుకోవాలి.

ఈ నీరు చింతూరుకు ఎగువన మోటు వద్ద శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగిన సమయంలో శబరి నీరు ముందుకు సాగక వెనక్కి తంతుంది. డొంకరాయిలో గేట్లు ఎత్తితే ఆ కబురు చింతూరు, కూనవరం పల్లెలకు సైతం అవసరమే.

ముందు తెగేది దారి

మైదాన ప్రాంతాల్లో ఖాళీ చేయించడమంటే లారీలు, బస్సులు పెట్టి జనాన్ని దూరంగా తరలించడం. డొంకరాయిలో అది కుదరదు. ఇటు సీలేరు వైపు, అటు మోతుగూడెం వైపు వెళ్లే దారి ఘాట్ రోడ్డే. వాన ముదిరితే చెట్లు కూలతాయి, కొండచరియలు జారతాయి. చింతూరు మండలంలో సోకిలేరు, చంద్రవంక వాగులు పొంగి రాకపోకలు నిలిచిపోవడం ప్రతి వానకాలంలో వింటున్నదే. వాన మొదలయ్యాక బయలుదేరినవారు నడిదారిలో చిక్కుకుంటారు. కాబట్టి ఇక్కడ తరలింపు అంటే దూరం పోవడం కాదు, ముందుగా పోవడం. వాగు దాటనవసరం లేకుండా ఇవతలి ఒడ్డునే గట్టి భవనం, అంటే పాఠశాలో, ఆశ్రమ పాఠశాలో, పంచాయతీ భవనమో చూసుకోవాలి. అది కొండవాలు కిందా, వాగు ఒడ్డునా లేకుండా చూడటం ముఖ్యం. ఏ వాడ జనం ఎక్కడికి చేరాలో ఎండ ఉన్న రోజునే పెద్దలు కూర్చుని నిర్ణయించుకోవాలి.

హెచ్చరిక విషయంలోనూ తేడా గమనించాలి. రేవుల్లో ఎగురవేసే నంబరు ఓడలకు చెప్పే మాట. మన్యానికి పనికివచ్చేది వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే వాన హెచ్చరిక. పసుపు రంగు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధం కావాలి, ఎరుపు అంటే వెంటనే కదలాలి. ఎరుపు వచ్చేదాకా ఆగితే కొండదారిలో ఆలస్యం అయినట్టే. నారింజ రంగు చెప్పిన నాడే నెలలు నిండిన గర్భిణులను, మంచం పట్టిన వృద్ధులను ఆరోగ్య కేంద్రానికి దగ్గరగా చేర్చాలి. డోలీ మోసేవారు ఎంత ధైర్యవంతులైనా పొంగే వాగును దాటించలేరు.

డిపో బియ్యం, ఉప్పు, అగ్గిపెట్టెలు, రోజూ వాడే మందులు వారం రోజులకు సరిపడా తెచ్చుకోవాలి. ఆధార్, భూమి పట్టా, రేషను కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టాలి. టార్చిలైటు, సెల్‌ఫోను, చిన్న రేడియో సిద్ధంగా ఉంచాలి. పశువులను కట్టు విప్పి మెరక మీదికి తోలాలి. టవర్లు ఆగిపోతే 108, 112 నంబర్లు కూడా పలకవు. అటువంటప్పుడు కబురు తీసుకుపోయే ఇద్దరు యువకులను, వారు వెళ్లవలసిన దారిని ముందే అనుకోవాలి.

కొండ చెప్పే గుర్తులు

వాలులో కొత్తగా పగుళ్లు రావడం, నిటారుగా ఉన్న చెట్లు పక్కకు ఒరగడం, ఎన్నడూ లేనిచోట ఊట పుట్టడం, వాగు నీరు ఉన్నట్టుండి ఎర్రబారడం కొండ జారబోతోందనడానికి గుర్తులు. వాన కురుస్తూనే ఉండగా వాగు హఠాత్తుగా తగ్గితే సంతోషించరాదు. పైన మట్టి, చెట్లు పడి నీటికి అడ్డుకట్ట ఏర్పడి ఉండవచ్చు. అది తెగితే రాళ్లతో సహా వరద దిగుతుంది. అలాంటి వేళ సామాను కోసం చూడకుండా, వాగు గాడి విడిచి పక్కనున్న మెరకకు చేరాలి.

వాగు వద్ద మాత్రం పౌరుషం పనికిరాదు. రోడ్డుపై అడుగు లోతు నీరే కదా అని మోటారు సైకిలు దింపితే, కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో కనిపించదు. ఒక పూట ఆగినందువల్ల సంతో, కూలో పోతుంది. ఆగకపోతే మనిషే పోతాడు.