ఒక్క చుక్క.. ఎంత పని చేసింది!

ఆ నెల ఫోన్ బిల్లు మామూలుగా వచ్చేదానికి పదింతలు వచ్చింది. సార్ ఏమీ అనకుండా కాగితం నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది!

మాది విజయవాడలో ఓ ఆడిటర్ ఆఫీసు. నేను అకౌంట్స్ చూస్తా. కంప్యూటర్లు బాగా తెలుసని ఫోన్ సిస్టమ్ కూడా నాకే అప్పజెప్పారు. ఓ పాత కంప్యూటర్‌లో ఆస్టరిస్క్ వేసి, వీడియోలు చూస్తూ వారంలో నడిపించేశా. 1999లో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు, తన కంపెనీకి ఫోన్ సిస్టమ్ కొనే డబ్బుల్లేక సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్ అది. ఫ్రీగా దొరుకుతుంది.

రికార్డు తీస్తే విదేశీ కాల్స్ అన్నీ 204 నుంచే. శనివారం అర్ధరాత్రి దాటాక. 204 అంటే వాచ్‌మన్ గదిలో ఫోన్. బాబాయ్ కొడుకు కువైట్‌లో ఉంటాడు. ఇంకేముంది, అందరి చూపులూ ఆయన మీదే. జీతంలో కోయాలన్న మాట కూడా వచ్చింది.

‘మా వాడితో వాట్సాప్‌లో మాట్లాడతా కదమ్మా.. ఆఫీసు ఫోన్ నాకెందుకు?’ అన్నాడు బాబాయ్. ఆ మాటతో మళ్లీ రికార్డు ముందు కూర్చున్నా.

ఒకే నిమిషంలో, ఒకే ఫోన్ నుంచి ఆరు కాల్స్! మనిషన్నవాడు చేయగలడా? లాగ్ ఫైల్ తెరిస్తే అసలు సంగతి తెలిసింది. 204 పేరుతో బయటి నుంచి ఎవరో లాగిన్ అయ్యారు. దాని పాస్‌వర్డ్ కూడా 204నే. పెట్టింది నేనే. ఇలాంటి ముఠాలు ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేయించి, ఆ చార్జీల్లో వాటా తీసుకుంటాయట.

రెండో తప్పు ఇంకా చిన్నది. ఏ కాల్ ఏ లైన్‌లో వెళ్లాలో చెప్పే రూల్‌లో ‘ఎక్స్’ అంటే ఏదో ఒక అంకె. పక్కన చుక్క పెడితే, ఆ తర్వాత ఎన్ని అంకెలున్నా సరే, పోనివ్వమని. టైపింగ్ తగ్గుతుందని నేను చుక్క పెట్టేశా. అమెరికా క్లయింట్ల కోసం ఐఎస్‌డీ ఎలాగూ ఉంది. గేటు బార్లా తీసి పెట్టినట్టే!

సార్ దగ్గరికెళ్లి తప్పు నాదేనని చెప్పా. బాబాయ్‌కీ సారీ చెప్పా.

ఆ రాత్రే రూల్స్ విడగొట్టా. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు 2021 జనవరి 15 నుంచి ముందు సున్నా తప్పనిసరి కదా. అందుకే సున్నా, తర్వాత 6 నుంచి 9లోపు ఓ అంకె, ఆపైన సరిగ్గా తొమ్మిది అంకెలు ఉంటేనే మొబైల్ కాల్ వెళ్తుంది. 00తో మొదలైతే ఆరంకెల కోడ్ అడుగుతుంది. ఒక్కో క్లయింట్‌కు ఒక్కో కోడ్. అది రికార్డులో అకౌంట్ కోడ్ కింద పడుతుంది. నెలాఖరున ఎవరి ఖర్చు ఎంతో ఇట్టే తేలిపోతుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఐఎస్‌డీ దారి మూత. పాస్‌వర్డ్‌లన్నీ పొడవైనవి పెట్టి, బయటి నుంచి లాగిన్ కాకుండా ఆపేశా.

మీ ఆఫీసులోనూ ఈ పని మీ మీద పడితే, కాల్ కలిసిందా అని చూసి వదిలేయకండి. ఎవరి లెక్కలో పడుతోందో కూడా చూడండి. ఆ లెక్క లేకపోతే, నింద ముందు పడేది నోరులేని వాళ్ల మీదే.

204 ఇప్పటికీ బాబాయ్ గదిలోనే ఉంది. మోగితే ఎత్తుతాడు. తనంతట తాను మాత్రం ఇంతవరకూ ముట్టుకోలేదు.