మదామా? మదమ్వాజెలా?

ఫ్రెంచి నేర్చుకునే వాళ్ళకి మొదట ఎదురయ్యే చిక్కు వ్యాకరణం కాదు, పలకరింపు. మగవాళ్ళతో పేచీ లేదు. పెళ్ళయినా కాకపోయినా "ముస్యూ" అంటే సరిపోతుంది. ఆడవాళ్ళ దగ్గరే వస్తుంది తంటా. పెళ్ళయితే "మదాం", కాకపోతే "మదమ్వాజెల్" అని నేను చదివిన పాత పుస్తకంలో ఉంది. నేనూ అలాగే బట్టీ పట్టాను.

పైచదువు వివరాల కోసం అక్కడి ఒక ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఉద్యోగిని ఫొటో చూస్తే చిన్న వయసులాగే ఉంది. ధైర్యంగా "మదమ్వాజెల్" అని మొదలుపెట్టాను. ఆవిడ అన్ని వివరాలూ ఓపిగ్గా పంపించి, చివర తన పేరుకి ముందు "మదాం" అని చేర్చింది. అంతే! నాకు చురుక్కుమంది. ఆవిడకి పెళ్ళయిందో లేదో నాకెందుకు?

"మదాం" అంటే "నా దొరసాని" అని అర్థం. అందులోంచి పుట్టిన చిన్న రూపమే "దమ్వాజెల్". మగవాళ్ళకీ ఒకప్పుడు "దమ్వాజో" అనే మాట ఉండేది. అది వాడుకలోంచి ఏనాడో జారిపోయింది. ఆడవాళ్ళది మాత్రం నిలిచిపోయింది. ఈ తేడా ఎందుకని 2011లో ఫ్రాన్సులో స్త్రీల సంఘాలు గట్టిగా అడిగాయి. 2012 ఫిబ్రవరి 21న ప్రధాని ఫ్రాన్స్వా ఫియ్యోన్ ఇచ్చిన సర్క్యులర్ ప్రభుత్వ ఫారాల్లోంచి "మదమ్వాజెల్"ని తీసేయమంది. నోటిమాట మీద మాత్రం నిషేధం లేదు. చిన్నపిల్లల్ని ఇప్పటికీ అలా పిలుస్తారు. నటి జాన్ మొరో లాగా ఆ పిలుపునే కోరుకున్నవాళ్ళూ ఉన్నారు.

మరి మనమేం చెయ్యాలి? ఎదిగిన స్త్రీ ఎవరైనా సరే "మదాం" అనండి. దుకాణంలోకి అడుగు పెట్టగానే "బోఁజూర్ మదాం" అనకుండా సరుకు అడిగితే మోటుగా ఉంటుంది. ఇంటిపేరు తగిలించనక్కర్లేదు. "నువ్వు" అనే "త్యు" వద్దు, "మీరు" అనే "వూ" వాడండి. ఉత్తరం ఎవరి చేతికి వెళ్తుందో తెలియకపోతే "మదాం, ముస్యూ" అని రెండూ రాయండి. ఆవిడే ఇంకోలా పిలవమంటే అలాగే పిలవండి.

ఇదంతా మనకి కొత్తేమీ కాదు. "గారు" అనే ముందు మనం ఎవరి పెళ్ళి సంగతీ అడగం. నోటికి ఉన్న ఆ మర్యాద మన కాగితానికే రాలేదు. భర్త పోయిన మా అక్క ఓ దరఖాస్తు నింపుతూ "శ్రీమతి", "కుమారి" అనే రెండు గడుల దగ్గర కలం ఆపెయ్యటం నేను చూశాను. "శ్రీ" దగ్గర నా కలం ఏనాడూ ఆగలేదు.