ఎవరూ ఎంచుకోని ఆటగాడు.. రక్షణతోనే శిఖరానికి: బెన్ వాలెస్ ప్రస్థానం ఏం చెబుతోంది?

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 1996 జూన్‌లో నిర్వహించిన డ్రాఫ్ట్‌లో మొత్తం 58 మంది యువ ఆటగాళ్లు ఎంపికయ్యారు. అలెన్ ఐవర్సన్, కోబీ బ్రయంట్, స్టీవ్ నాష్ వంటి వారు ఆ జాబితాలో ఉన్నారు. వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన బెన్ వాలెస్ పేరు మాత్రం అందులో లేదు. పాతికేళ్ల తరువాత, 2021 సెప్టెంబరులో, అదే వాలెస్‌కు బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. డ్రాఫ్ట్‌లో ఎంపిక కాకుండానే ఎన్‌బీఏలో రాణించి ఈ గౌరవం పొందిన ఆధునిక యుగపు తొలి ఆటగాడు ఆయనే.

వాలెస్ తన వృత్తి జీవితంలో ఒక్కో మ్యాచ్‌కు చేసిన సగటు పాయింట్లు 5.7 మాత్రమే. ఇంత తక్కువ స్కోరు చేసిన వ్యక్తికి అత్యున్నత గౌరవం ఎలా దక్కింది? 58 సార్లు అవకాశం వచ్చినా జట్లు ఆయనను ఎందుకు గుర్తించలేకపోయాయి? ఈ రెండు ప్రశ్నల మూలం ఒకటే. సాధించిన పాయింట్లను లెక్కించడం తేలిక. ప్రత్యర్థిని సాధించనీయని పాయింట్లను లెక్కించడం కష్టం.

డ్రాఫ్ట్ అంటే ఏమిటి?

భారతీయ పాఠకులకు ఐపీఎల్ వేలం సుపరిచితం. అక్కడ డబ్బు ఎక్కువ పెట్టిన జట్టుకు ఆటగాడు దక్కుతాడు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో వేలం పాట ఉండదు. జట్లు వరుస క్రమంలో ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. గత సీజన్‌లో వెనుకబడిన జట్లకు ముందు వరుసలో అవకాశం లభించేలా ఈ విధానాన్ని రూపొందించారు. ఎంపిక రెండు రౌండ్లలో ముగుస్తుంది. తొలి రౌండ్‌లో ఎంపికైన వారికి హామీతో కూడిన ఒప్పందం దక్కుతుంది.

రెండు రౌండ్లలోనూ పేరు వినిపించని వారిని ‘అన్‌డ్రాఫ్టెడ్’ ఆటగాళ్లు అంటారు. వారు ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోవచ్చు. అయితే ఏ జట్టూ వారిని తీసుకోవలసిన అవసరం లేదు. వేసవి లీగ్‌లలోనో, శిక్షణ శిబిరాల్లోనో, విదేశీ జట్లలోనో ఆడుతూ తమను తాము నిరూపించుకోవాలి.

జట్లు ఎందుకు గుర్తించలేదు?

వాలెస్ 1974 సెప్టెంబరు 10న అలబామా రాష్ట్రంలోని వైట్ హాల్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. పదకొండు మంది సంతానంలో ఆయన పదో వారు. ఉన్నత పాఠశాల రోజుల్లో ఇతరులకు క్షవరం చేసి కూడబెట్టిన 50 డాలర్లతో ఒక శిక్షణ శిబిరంలో చేరారు. ఆ శిబిరాన్ని నిర్వహించిన ఎన్‌బీఏ ఆటగాడు చార్లెస్ ఓక్లీ, తనతో తలపడి వెనక్కి తగ్గని ఆ యువకుడిని గుర్తుంచుకున్నారు. క్లీవ్‌లాండ్‌లోని కయహోగా కమ్యూనిటీ కళాశాలలో రెండేళ్లు గడిపిన వాలెస్, తరువాత ఓక్లీ సిఫారసుతో, ఆయన చదివిన వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయంలోనే చేరారు.

ఆ విశ్వవిద్యాలయం కళాశాల పోటీల్లో రెండో శ్రేణికి చెందినది. ఎన్‌బీఏ ప్రతినిధుల దృష్టి ప్రధానంగా తొలి శ్రేణి జట్లపై ఉంటుంది. అధికారిక లెక్కల్లో వాలెస్ ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. సామాన్యులకు ఇది అసాధారణమే అయినా, రింగు కింద ఏడడుగుల వారితో తలపడే సెంటర్ స్థానానికి తక్కువే. దూరం నుంచి బంతిని వేసే నైపుణ్యం ఆయనకు లేదు. దీంతో సెంటర్‌గా పొట్టివాడు, ఇతర స్థానాలకు నైపుణ్యం చాలనివాడు అన్న అంచనాలో ఆయన చిక్కుకున్నారు. డ్రాఫ్ట్ తరువాత బోస్టన్ సెల్టిక్స్ వేసవి లీగ్‌లో ఆయనను గార్డు స్థానంలో పరీక్షించి వదులుకుంది. 1996 అక్టోబరులో వాషింగ్టన్ బుల్లెట్స్ అవకాశం ఇచ్చింది. తొలి సీజన్‌లో ఆయన ఆడినవి 34 మ్యాచ్‌లే.

బదిలీలో వచ్చిన ‘అదనపు’ ఆటగాడు

1999లో ఆయన ఒర్లాండో మ్యాజిక్ జట్టుకు మారారు. 2000 ఆగస్టులో ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన బదిలీ జరిగింది. డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు తన అగ్రతార గ్రాంట్ హిల్‌ను ఒర్లాండోకు వదులుకోవలసి వచ్చింది. బదులుగా ఆ జట్టుకు చక్కీ ఆట్కిన్స్, బెన్ వాలెస్ లభించారు. వెళ్లిపోతున్న తారకు దక్కిన నామమాత్రపు పరిహారంగానే నాడు చాలామంది దీనిని భావించారు.

గాయాల కారణంగా హిల్ ఒర్లాండో తరఫున తొలి సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లే ఆడగలిగారు. డెట్రాయిట్‌లో మాత్రం వాలెస్ తొలి సీజన్‌లోనే మ్యాచ్‌కు 13కు పైగా రీబౌండ్లు సాధించారు. 2000-01లో 32 విజయాలకు పరిమితమైన పిస్టన్స్, మరుసటి ఏడాది 50 మ్యాచ్‌లు గెలిచింది. ఆ 2001-02 సీజన్‌లో రీబౌండ్లలోనూ బ్లాక్‌లలోనూ లీగ్ మొత్తానికీ వాలెసే ప్రథముడు. అంతకుముందు ఒకే సీజన్‌లో ఈ రెండు ఘనతలూ సాధించిన వారు కరీం అబ్దుల్-జబ్బార్, బిల్ వాల్టన్, హకీం ఒలాజువాన్ మాత్రమే.

స్కోరు పట్టికలో కనిపించని పని

కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడి పేరు అందరి నోటా వినిపిస్తుంది. అతడు బోనస్ గీత వైపు అడుగు వేయకుండా దారి మూసిన వాడి శ్రమ, పట్టు చిక్కినప్పుడే లెక్కకు వస్తుంది. క్రికెట్‌లో ఫీల్డర్ ఆపిన బౌండరీ బ్యాటర్ ఖాతాలో చేరదు. ఆపినవాడి ఖాతాలోనూ చేరదు. బాస్కెట్‌బాల్ రక్షణ కూడా ఇలాంటిదే.

రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని అందుకుంటే రీబౌండ్. ప్రత్యర్థి వేసిన బంతిని గాలిలోనే అడ్డుకుంటే బ్లాక్. అతడి చేతిలోంచి లాక్కుంటే స్టీల్. రక్షణకు సంబంధించి పట్టికలో నమోదయ్యేవి ప్రధానంగా ఇవే. ఎదురుగా వాలెస్ నిలబడ్డారని గ్రహించి ప్రత్యర్థి రింగు వైపు రావడం మానుకుంటే, తొందరపడి దూరం నుంచి బంతి విసిరితే, సహచరుడు తప్పిన చోటును వాలెస్ రెండు అడుగుల్లో చేరి పూడ్చితే ఆ పనికి పట్టికలో గడి లేదు.

అయినా ఆయన కృషిని విస్మరించడం సాధ్యం కాలేదు. 2002, 2003, 2005, 2006 సంవత్సరాల్లో ఆయన ఉత్తమ రక్షణ ఆటగాడి పురస్కారం అందుకున్నారు. నాలుగుసార్లు ఈ పురస్కారం పొందిన వారిలో డికెంబె ముటొంబో, రూడీ గోబేర్ కూడా ఉన్నారు. వారిద్దరూ ఏడడుగులు దాటినవారే.

2004: రక్షణే గెలిపించిన టైటిల్

2003-04 సీజన్‌లో లారీ బ్రౌన్ శిక్షణలోని పిస్టన్స్, వరుసగా ఐదు మ్యాచ్‌లలో ప్రత్యర్థులను 70 పాయింట్ల లోపే నిలువరించి రికార్డు నెలకొల్పింది. ఫైనల్స్‌లో ఎదురైనది షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్‌లతో కూడిన లాస్ ఏంజెలెస్ లేకర్స్. లేకర్స్ విజయం ఖాయమన్నదే అత్యధికుల అంచనా.

ఏడడుగుల ఒక అంగుళం ఎత్తున్న ఓనీల్‌పైకి ఇద్దరు ముగ్గురిని పంపడం అప్పటికి జట్లకు అలవాటు. అలా చేస్తే మిగిలిన వారికి స్వేచ్ఛ లభిస్తుంది. పిస్టన్స్ ఎక్కువగా ఓనీల్ భారాన్ని వాలెస్ వంటి ఒక్కరి మీదే ఉంచి, మిగతా నలుగురి దారులు మూసింది. ఓనీల్ మ్యాచ్‌కు 26కు పైగా పాయింట్లు సాధించారు. కానీ టేషాన్ ప్రిన్స్ నీడలా వెంటాడటంతో బ్రయంట్ వేసిన షాట్లలో సఫలమైనవి 38 శాతమే. మూడో మ్యాచ్‌లో లేకర్స్ 68 పాయింట్లకే పరిమితమైంది. పిస్టన్స్ 4-1తో టైటిల్ గెలిచింది. నిర్ణయాత్మక ఐదో మ్యాచ్‌లో వాలెస్ 18 పాయింట్లు, 22 రీబౌండ్లు సాధించారు.

ఓనీల్‌ను వాలెస్ పూర్తిగా ఆపలేదు. ఆయన ఒంటరిగా నిలబడటం వల్ల సహచరులు తమ స్థానాలు వీడలేదు. ఆ సిరీస్‌లో ఆయన అందించిన అతి పెద్ద సేవ అదే.

లోపాలు, పరిమితులు

వాలెస్ ప్రస్థానాన్ని విజయగాథగా మాత్రమే చూడటం సరికాదు. ఆయన ఫ్రీ త్రో సఫలత 41.4 శాతం. వెయ్యికి పైగా ఫ్రీ త్రోలు వేసిన ఎన్‌బీఏ ఆటగాళ్లలో ఇదే అత్యల్పం. దీంతో ప్రత్యర్థులు ఉద్దేశపూర్వకంగా ఆయనపై ఫౌల్ చేసి, ఫ్రీ త్రో గీత వద్దకు పంపే ఎత్తుగడ అనుసరించేవారు. 2004 నవంబరు 19న ఇండియానా పేసర్స్‌తో జరిగిన మ్యాచ్‌లో రాన్ ఆర్టెస్ట్ ఫౌల్‌కు ఆగ్రహించిన వాలెస్ ఆయనను బలంగా నెట్టారు. అక్కడ మొదలైన ఘర్షణ ప్రేక్షకుల మధ్యకు పాకింది. వాలెస్‌పై ఆరు మ్యాచ్‌ల నిషేధం పడింది.

2006లో ఆయన నాలుగేళ్లకు 6 కోట్ల డాలర్ల ఒప్పందంతో షికాగో బుల్స్‌కు వెళ్లారు. అక్కడ మునుపటి ప్రభావం కనిపించలేదు. 2008 ఫిబ్రవరిలో ఆ జట్టు ఆయనను క్లీవ్‌లాండ్‌కు బదిలీ చేసింది. వయసు ఒక కారణం కాగా, రక్షణ అనేది ఐదుగురి మధ్య ఏళ్ల తరబడి కుదిరే సమన్వయం కావడం మరో కారణం. 2009లో డెట్రాయిట్‌కు తిరిగి వచ్చిన ఆయన, 2012లో అక్కడే ఆట ముగించారు. 2016లో పిస్టన్స్ ఆయన ధరించిన 3వ నంబరు జెర్సీని మరెవరికీ ఇవ్వకుండా గౌరవించింది.

తరువాతి వారికి తెరిచిన దారి

ఎంపిక కాకపోయినా రక్షణతో నిలదొక్కుకున్న వారు మరికొందరు ఉన్నారు. 1993లో ఎవరూ తీసుకోని బ్రూస్ బోవెన్, శాన్ ఆంటోనియో స్పర్స్ తరఫున మూడు టైటిళ్లు గెలిచారు. 2005 ఫైనల్స్‌లో వాలెస్ జట్టును ఓడించింది ఆ స్పర్స్ జట్టే. 2016 డ్రాఫ్ట్‌లో ఎంపిక కాని అలెక్స్ కరూసో, 2019లో ఎంపిక కాని లూ డార్ట్ ఓక్లహోమా సిటీ థండర్ జట్టు 2025లో సాధించిన టైటిల్‌లో కీలక పాత్ర పోషించారు.

ఈ ఇద్దరికీ వాలెస్ కాలంలో లేని రెండు సౌకర్యాలు లభించాయి. మొదటిది, 2017లో మొదలైన ‘టూ-వే’ ఒప్పందం. దీనివల్ల ఒక ఆటగాడు ప్రధాన జట్టుకూ, దాని అనుబంధ జట్టుకూ ఆడుతూ నిలదొక్కుకోవచ్చు. రెండోది కొలమానం. 2013-14 నుంచి అన్ని ఎన్‌బీఏ మైదానాల్లో ఆటగాళ్ల ప్రతి కదలికనూ నమోదు చేసే కెమెరాలు వచ్చాయి. చేయి తగిలించి దారి మళ్లించిన బంతులు, అడ్డుపడి కష్టతరం చేసిన షాట్లు నేడు లెక్కకు వస్తున్నాయి.

భారత్‌కు సంబంధించిన రెండు ఉదాహరణలు ఇక్కడ గమనార్హం. పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్‌ను 2015లో డల్లాస్ మావెరిక్స్ 52వ ఆటగాడిగా ఎంచుకుంది. డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడైనా, ఆయన ఎన్‌బీఏ మ్యాచ్ ఆడలేకపోయారు. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని భారత సంతతి కెనడా ఆటగాడు సిమ్ భుల్లర్, 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో కింగ్స్ తరఫున మూడు మ్యాచ్‌లు ఆడారు. జాబితాలో పేరు ఉండటం అవకాశానికి హామీ కాదు. లేకపోవడం తలుపు మూసుకుపోవడమూ కాదు.

1996లో జట్లు చూసిన అంకెలు తప్పు కావు. వాలెస్ నిజంగానే ఎత్తు తక్కువ, నిజంగానే పాయింట్లు చేయలేరు. ఆ అంకెలు చెప్పని దానిని వెతకకపోవడమే జట్ల పొరపాటు. దానిని గ్రహించేందుకు డెట్రాయిట్‌కు ఒక్క సీజన్ చాలింది.